మామూ మష్ఖ్, అమ్మీ ఇస్లాహ్

పోయిన నెల మా బంధువుల ఇంట్లో వలీమాకి వెళ్లాను. దస్తర్‌ఖాన్ దగ్గర నా పక్కన ఇంటర్ చదివే అమ్మాయి కూర్చుంది. బిర్యానీ ప్లేటు ముందు పెట్టుకుని, తినకుండా నా వైపే చూస్తోంది. చివరికి అడిగేసింది.

"ఆపా, మీకు కథలు ఎక్కణ్నుంచి వస్తాయి? నేను బొమ్మలేస్తాను. కొన్నిసార్లు చెయ్యి ఆగదు. కొన్నిసార్లు నెలలకు నెలలు ఏమీ రాదు. అప్పుడేం చేయాలి?"

నేను నోరు తెరిచేలోపే వాళ్లమ్మ అందుకుంది. "పైలే ఖానా ఖా. బొమ్మల సంగతి తర్వాత."

అందరం నవ్వాం. నేనూ నవ్వేసి ఖుబానీ కా మీఠా గిన్నె దగ్గరికి లాక్కుని తప్పించుకున్నాను. ఆ పిల్ల అడిగింది చాలా పెద్ద మాట. పైగా నేను దానికి జవాబు చెప్పే హక్కున్న మనిషిని అవునో కాదో నాకే అనుమానం. ఎందుకంటే ఈ మధ్యే నాలుగేళ్ల పాటు నేను ఒక్క కథ కూడా రాయలేదు. పేపర్లో వార్తలు రాశాను, హెడ్డింగులు పెట్టాను, ఇతరుల కాపీ దిద్దాను. నాదంటూ ఒక్క పేజీ లేదు. ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందో, మళ్లీ కలం ఎలా కదిలిందో చెబితే ఆ అమ్మాయి బాకీ కొంతైనా తీరుతుందని ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఈ సంగతికి ఒక మాట ఉండేది. ఆమద్. షాయరీ తెలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది తెలుసు. షేర్ దానంతట అదే దిల్‌లోకి దిగివస్తే అది ఆమద్. కూర్చుని, మాటలు వెతికి, కొట్టేసి, మళ్లీ రాసి తెచ్చుకుంటే అది ఆవర్ద్. ముషాయిరాల్లో ఒకరు "వాహ్, క్యా ఆమద్ హై" అంటే అంతకు మించిన తారీఫ్ లేదు. "ఆవర్ద్ హై" అంటే ముఖం మీదే తలుపు వేసినట్టు.

నేను ఆమద్‌నే నమ్మేదాన్ని. ఉర్దూ మీడియంలో చదువుకున్న పిల్లని. గాలిబ్ గురించి మా ఉస్తానీ చెప్పిన కథ బుర్రలో అట్లా ఉండిపోయింది. రాత్రిపూట పడుకుని ఆయన షేర్లు కట్టుకునేవాడట. ఒక్కో షేర్ పూర్తవగానే నడుముకున్న అజార్‌బంద్‌కి ఒక ముడి. పొద్దున్నే లేచి ఒక్కో ముడి విప్పుతూ, ఒక్కో షేర్ గుర్తు చేసుకుని కాగితం మీద పెట్టేవాడట. గాలిబ్ షాగిర్ద్ మౌలానా హాలీ 1897లో అచ్చయిన 'యాద్గారే గాలిబ్'లో ఈ సంగతి రాశారు. షాయర్ అంటే అట్లా ఉండాలి, చీకట్లో పడుకుంటే ఆకాశం నుంచి రాలాలి అనుకునేదాన్ని. ఆ కథలో ముడులు ఉన్నాయని మాత్రం పట్టించుకోలేదు. దిగివచ్చింది జారిపోకుండా ఆయన రాత్రంతా కష్టపడ్డాడు. మా అమ్మీ కూడా ఓఢ్నీ కొంగుకు ముడి వేసేది. ఉప్పు తేవాలంటే ఒక ముడి, ఎవరికో ఇరవై రూపాయలివ్వాలంటే ఇంకో ముడి. గాలిబ్‌ని చూసి అబ్బురపడ్డ నేను మా ఇంట్లో ముడులని చూడలేదు.

ఆమద్ గురించి నా నమ్మకాన్ని మొదట కదిలించినవాడు మా మామూ. అమ్మీకి తమ్ముడు. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ పత్రికలో కాతిబ్. ఈ తరం పిల్లలకి కాతిబ్ అంటే తెలియకపోవచ్చు. అప్పట్లో ఉర్దూ పేపర్ మొత్తాన్ని మనుషులు చేత్తో రాసేవాళ్లు. నస్తాలీఖ్‌లో అక్షరాలు వరుసగా నిలబడవు, ఒకదాని మీద ఒకటి వాలుతూ కిందికి జారతాయి. వాటిని టైపులో కూర్చడం కుదిరే పని కాదు. అందుకే రాత్రి కాతిబ్‌లు కూర్చుని రేపటి పేపర్ రాసేవాళ్లు.

1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాత్ వేలకొద్దీ అక్షరాల జోడింపులను చేత్తో రాసి నూరీ నస్తాలీఖ్‌ని కంప్యూటర్‌కి ఇచ్చాడు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. కొన్నాళ్లకే మామూ పెట్టె సర్దుకుని కర్నూలు బస్సెక్కాడు. కొండారెడ్డి బురుజుకి కొంచెం దూరంలో మా నానీ వాళ్ల ఇల్లు. అక్కడే ఉండిపోయాడు. షాదీ రుఖ్ఖాలు, దుకాణాల బోర్డులు, సమాధుల మీద కత్బాలు. అవీ రోజూ ఉండేవి కావు.

పని లేని రోజు కూడా ఆయన మష్ఖ్ మానలేదు. ఫజర్ తర్వాత చాప పరిచి, మోకాలి మీద అట్ట పెట్టుకుని కూర్చునేవాడు. రెల్లు కలం మొన చెక్కి ఖత్ పెట్టేవాడు. దవాత్‌లో పట్టుదారపు ఉండ ఉండేది, కలం సియాహీని ఎక్కువ తాగకుండా. ముందు ఒక చుక్క, పలకలా నాలుగు మూలలతో. ఆ చుక్కే కొలత. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. మూడు చుక్కలు పెట్టి పక్కన అలిఫ్ దించేవాడు. తర్వాత ఇంకో అలిఫ్. తర్వాత బే. ఒక కాగితం నిండితే దాని మీదే అడ్డంగా మళ్లీ రాసేవాడు. కాగితం నల్లబడేదాకా. దాన్ని సియాహ్ మష్ఖ్ అంటారు. కాగితం ఆదా, చేతికి తర్ఫీదు. ఇరాన్‌లో పెద్ద ఉస్తాదులు రాసిన సియాహ్ మష్ఖ్ కాగితాలనే జనం కళగా దాచుకున్నారు. మామూవి మాత్రం రెండు ఇనప పెట్టెల్లో ఉండేవి.

నేను డిగ్రీ తెలుగు చదివే రోజుల్లో ఒకసారి అడిగాను. "మామూ, పేపర్ లేదు, జీతం లేదు. కైకూ లిఖ్‌తే రోజ్?"

ఆయన తలెత్తలేదు. మీర్ అలీ తబ్రేజీ కథ చెప్పాడు. నస్తాలీఖ్‌ని కనిపెట్టింది ఆయనేనని కాతిబ్‌లందరూ చెప్పుకుంటారు. ఆయనకి ఖ్వాబ్‌లో ఎగిరే బాతులు కనిపించాయట, ఆ రెక్కల వంపులోంచి ఈ ఖత్ పుట్టిందట. నాకు తెలిసిన కథే. "ఖ్వాబ్ అందరికీ వస్తుంది బేటీ," అన్నాడు మామూ. "నాకూ బాతులొస్తాయి. అప్పటికే చెయ్యి తయారుగా ఉన్నవాడికే ఆ బాతులు అక్షరాలయ్యాయి."

నేను అప్పుడు పెద్దగా చెవిన పెట్టలేదు. నా గొడవలు నాకుండేవి. క్లాసులో నా 'ళ' విని నవ్వేవాళ్లు. ఛందస్సు పీరియడ్‌లో గురువు, లఘువు లెక్కపెడుతూ మనసులో ఉర్దూ బహర్‌లు లెక్కపెట్టేదాన్ని. ఆ రోజుల్లోనే 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చింది. తర్వాత ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' చదివాను. నెల్లూరు గల్లీలు, నానీలు, పండగలు, పేదరికం, నవ్వు. మా ఇంట్లో మాట్లాడుకునే మాటలు తెలుగు అక్షరాల్లో కనిపిస్తే ఒళ్లు జలదరించింది. అంటే మా వంటింటి ముచ్చట కూడా అదబే అన్నమాట. మొదటి కథ ఆ వారంలోనే రాశాను. ఒక్క రాత్రిలో. ఆమదే!

ఆ కథ అమ్మీకి వినిపించాలి. అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను కాగితం ముందు పెట్టుకుని తెలుగులో రాసింది అప్పటికప్పుడు దక్ఖనీలో చెప్పుకుంటూ పోయేదాన్ని. అమ్మీ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. కథలో ఒక అమ్మాయి. తండ్రి మౌత్ ఖబర్ వస్తుంది. ఆ అమ్మాయి పెద్దగా ఏడుస్తూ నేల మీద కూలిపోతుందని రాశాను. అమ్మీ చెయ్యి ఆగింది.

"నై రోతీ," అంది. "పైలే చూలే పో కా దూద్ ఉతార్తీ. ఫిర్ రోతీ."

ఏడవదు. ముందు పొయ్యి మీది పాలు దించుతుంది. ఆ తర్వాత ఏడుస్తుంది.

నాకు కోపం వచ్చింది. నీకేం తెలుసు, కథలో బాధ ఉండాలి అన్నాను. అమ్మీ మళ్లీ బియ్యంలోకి తలవంచింది. రాత్రి పడుకున్నాక ఆ పాల గిన్నె నన్ను వదల్లేదు. లేచి ఆ పేరా కొట్టేసి మళ్లీ రాశాను. ఆ కథ అచ్చయ్యాక ఉత్తరాలు రాసినవాళ్లందరూ పాల గిన్నె గురించే రాశారు.

షాయర్లకి ఉస్తాద్ ఉంటాడు. ఘజల్ రాసి తీసుకెళ్తే ఆయన ఒక మాట మారుస్తాడు, ఒక మాట కొట్టేస్తాడు. దాన్ని ఇస్లాహ్ అంటారు. నాకు ఇస్లాహ్ ఇచ్చింది తెలుగు చదవలేని మా అమ్మీ. ఇరవై ఏళ్లు ఆమెకి వినిపించకుండా ఒక్క కథ పంపలేదు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక ఫోన్లో వినిపించేదాన్ని. అవతల కుక్కర్ విజిల్ వినిపించేది, మధ్యలో "ఫిర్?" అనేది. ఆ "ఫిర్?" కోసమే రాసేదాన్నని అప్పుడు తెలియదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు ఊరిని ముంచేశాయి. మా డెస్క్ నుంచి నన్నూ పంపారు, ఊరు తెలిసినదాన్నని. నీళ్లు తీశాక వెళ్లాను. గల్లీల్లో మోకాలి లోతు బురద. నానీ ఇంట్లో గోడ మీద నీటి చార నా తల కంటే ఎత్తులో ఉంది. మామూ పెట్టెలు రెండూ తెరిచి ఉన్నాయి. కాతిబ్‌ల సియాహీ దీపపు మసి, జిగురుతో చేసేది. నీళ్లు తగిలితే కడుక్కుపోతుంది. ముప్పై ఏళ్ల మష్ఖ్ బూడిదరంగు ముద్దయి ఉంది.

మామూ మంచం మీద కూర్చుని కలాలు గుడ్డతో తుడుస్తున్నాడు. రెల్లు కలాలకి ఏమీ కాలేదు. నాకు మాట రాలేదు. ఆయనే అడిగాడు. "బేటీ, సాదా కాగజ్ హై?"

నా దగ్గర రిపోర్టర్ నోట్‌బుక్ ఉంది. ఒక పేజీ చించి ఇచ్చాను. "ఇస్మే తో లకీరాఁ హై," అని గీతలు చూసి నవ్వాడు. అయినా ఎవరినో అడిగి కొంచెం సియాహీ తెప్పించుకుని, ఆ గీతల మీదే మూడు చుక్కలు పెట్టాడు. పక్కన అలిఫ్ దించాడు. నేను ఆ రోజు ఆఫీసుకి పంపిన వార్తలో ఈ సంగతి లేదు. అది వార్త కాదనుకున్నాను. కాగితం మాత్రం దాచుకున్నాను.

2019 చలికాలంలో ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మీ రాత్రి నిద్రలోనే ఇంతెఖాల్ అయిపోయింది. నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఇంకో చేత్తో గుడ్డ తీసుకుని పాలు దించాను. స్టవ్ కట్టేశాను. గిన్నె మీద మూత పెట్టాను. ఆ తర్వాత నేల మీద కూర్చుండిపోయాను.

ఆ తర్వాత నాలుగేళ్లు కథ రాలేదు. జనాలు అడిగితే ఫుర్సత్ లేదన్నాను. డ్యూటీ, పిల్లల చదువులు, అత్తగారి ఆరోగ్యం. అన్నీ నిజాలే, అవి అంతకుముందు కూడా ఉన్నాయి. ఖయాల్‌లు రాకపోలేదు. వచ్చేవి, కాసేపు కూర్చునేవి, వెళ్లిపోయేవి. రాసి ఎవరికి వినిపించాలి? అవతలి నుంచి "ఫిర్?" అనేవాళ్లు లేనప్పుడు రెండో వాక్యం ఎందుకు?

ఒకసారి కర్నూలు వెళ్లినప్పుడు మామూతో అనేశాను. "ఆమద్ నై మామూ. అంతా సూఖ్ గయా."

మామూకి అప్పటికి చెయ్యి కొంచెం వణుకుతోంది. అయినా పక్కన దవాత్ ఉంది. ఆయన తస్సల్లీ చెప్పలేదు, అమ్మీ పేరు ఎత్తలేదు. ఒకటే అడిగాడు.

"తూ బైఠీ క్యా?"

నువ్వు కూర్చున్నావా?

నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా కాగితం ముందు పెట్టుకుని కూర్చోలేదు.

2023 రమ్‌జాన్‌లో కూర్చున్నాను. రమ్‌జాన్‌లో ఆడవాళ్లకి ఫుర్సత్ ఎక్కడిదని మీరనుకోవచ్చు. నాలుగింటికి లేవాలి, సహ్రి చేయాలి, అందరినీ లేపాలి. ఫజర్ నమాజ్ అయ్యాక మాత్రం ఇల్లంతా మళ్లీ పడుకుంటుంది. ఆ ముప్పావుగంట ఎవరిదీ కాదు. దాన్ని నేను తీసుకున్నాను. ఫోన్ పక్క గదిలో పెట్టాను. కథ రాయనని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. మామూ అలిఫ్ రాసినట్టు ఒకే ఒక్క పేజీ, నిన్న చూసింది, విన్నది. బాగుండాలన్న నియమం లేదు, ఎవరికీ చూపించేది లేదు.

ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా ముందుంది. 'పాల ప్యాకెట్ల అబ్బాయి సైకిల్ స్టాండ్ విరిగింది, గేటుకి ఆనించి వెళ్తున్నాడు.' 'అత్తగారు తస్బీహ్ తిప్పుతూ మధ్యలో గ్యాస్ కట్టేశావా అని అడిగారు, లెక్క తప్పలేదు.' 'ఒక హెడ్డింగ్ కోసం నలుగురం అరగంట కొట్టుకున్నాం, చివరికి మొదటిదే పెట్టాం.' ఇట్లాంటివి. చాలా రోజులు రాసింది చెత్తే. ఈద్ అయిపోయింది. నిద్ర మాత్రం అదే టైముకి తెలిసిపోతోంది, నెల రోజుల అలవాటు కదా. లేచి కూర్చునేదాన్ని. షవ్వాల్‌లో ఒక పొద్దున రెండే మాటలు రాశాను. 'పాలు దించాను.' ఇక పెన్ను ఆగలేదు. స్కూల్ వ్యాన్ హారన్ కొట్టేదాకా రాస్తూనే ఉన్నాను. ఆ రోజు పిల్లలకి టిఫిన్ బాక్సులో బ్రెడ్డే.

అది ఆమద్ అంటారా, ఆవర్ద్ అంటారా? మౌలానా హాలీనే 1893లో రాసిన 'ముఖద్దమా'లో ఈ పట్టింపుని ఒప్పుకోలేదు. రోమన్ కవి వర్జిల్ సంగతి చెప్పారు. పొద్దున చెప్పిన పంక్తుల్ని వర్జిల్ ఆ తర్వాత చెక్కుతూ కూర్చునేవాడట. ఎలుగుబంటి అందం లేని తన పిల్లల్ని నాకి నాకి రూపం తెస్తుంది, నేనూ అంతే అనేవాడట. మామూకి ఇది చెబితే "మన నల్లమల ఎలుగుబంటి కూడా అంతేనా?" అని చాలాసేపు నవ్వాడు. ఆ పొద్దున వచ్చిన నా కథని నేను రెండు నెలలు నాకాను.

కథ పూర్తయింది, వినిపించాలి. ఎవరికి? మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఇంగ్లీష్ మీడియం. ఉర్దూ చదవడం రాదు, తెలుగు తడబడుతూ చదువుతుంది. నా కథ ఒక్కటి కూడా చదవలేదు. అమ్మీకి తెలుగు రాదు, కూతురికి తెలుగు బరువు, మధ్యలో నేను ఎవరి కోసం రాస్తున్నానో అని చాలాసార్లు నవ్వుకున్నాను. ఆ రాత్రి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. అది ఫోన్ చేతిలోనే పట్టుకుంది, కాసేపటికి బోర్లా పెట్టింది. నేను నీళ్లు తాగడానికి ఆగితే "తర్వాత?" అంది.

అందుకే వలీమాలో అడిగిన ఆ అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇంతే. బొమ్మ రాని రోజున కూడా కూర్చో బేటీ. రోజూ ఒకే టైముకి, కొంచెంసేపు. బొమ్మ వేయాలని కాదు, మూడు గీతలు చాలు. చూసింది జారిపోకుండా కొంగుకి ముడి వెయ్యి. ఇతరుల బొమ్మలు కడుపునిండా చూడు, చేతికి కూడా రిజ్ఖ్ కావాలి. వేసింది ఒక్కరికైనా చూపించు, మెచ్చుకునేవాళ్లకి కాదు, పాల గిన్నె సంగతి గుర్తు చేసేవాళ్లకి. ఒక్కోసారి అట్లాంటివాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు చెయ్యి కూడా ఆగిపోతుంది, అది నీ తప్పు కాదు. కొన్నాళ్లు ఆగు. తర్వాత మళ్లీ కూర్చో.

ఆ అమ్మాయి అమ్మకి కూడా ఒక మాట. ఆపా, అన్నం తినమని చెప్పడం మీ హఖ్. తిన్నాక మాత్రం ఆ బొమ్మల పుస్తకం తెరిచి పక్కన కూర్చోండి. బొమ్మల గురించి మీకేమీ తెలియకపోయినా పర్వాలేదు. మా అమ్మీకి తెలుగు కథల గురించి ఏం తెలుసని?

ఆ రాత్రి కథ అయిపోయాక మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెయ్యి చాపి కాగితం మీద ఒకచోట వేలు పెట్టింది.

"అమ్మీ, ఇక్కడ నానీ 'సరే' అంటుంది కదా. నానీ ఎప్పుడూ అట్లా అనదు. 'హౌ' అంటుంది."

పెన్ను తీసి 'సరే' కొట్టేశాను. పైన 'హౌ' అని రాశాను.